ఊ కొట్టేదెవరు?

మా ఊళ్ల వైపు సెల్లో కచేరీ వినాలంటే రికార్డింగే గతి. ఆ మధ్య ఒక ఆదివారం ప్రొద్దుటూరులో మా ఇంట్లోనే కొన్ని సెల్లో, పియానో రచనలు పెట్టుకున్నాం. జమ్మలమడుగు నుంచి ఒక టీచరమ్మ, పులివెందుల నుంచి కథలు రాసే స్నేహితురాలు వచ్చారు. మాటల్లేని సంగీతం కథ చెప్పగలదా, చెబితే ఎవరి కథ చెబుతుంది అన్నది మా పేచీ.

ముందు మెండెల్సన్ 'మాటల్లేని పాట' విన్నాం. 1845లో లీజా క్రిస్తియాని అనే సెల్లో వాద్యకారిణికి అంకితమిచ్చింది. అప్పటికామెకు ఇరవై కూడా నిండలేదు. మోకాళ్ల మధ్య నిలిపి వాయించే వాద్యం ఆడవాళ్లకు మర్యాద కాదనుకున్న కాలమది. ఆ తర్వాత కూడా ఎందరో రెండు కాళ్లూ ఒకే పక్కకు తిప్పుకొని, నడుం మెలిపెట్టుకొని వాయించారు. క్రిస్తియాని సెల్లో మోసుకొని సైబీరియా దాకా వెళ్లి కచేరీలు చేసింది, 1853లో కలరాతో పోయింది. పాట అందంగానే ఉంది. కానీ నాకందులో వినిపించింది ఆమెను చూసి ముచ్చటపడినవాడి గొంతే. సైబీరియా మంచు ఎక్కడా లేదు.

అసలు పేచీ యానాచెక్ 'పొహాద్కా' దగ్గర వచ్చింది. చెక్ భాషలో ఆ మాటకు కథ అనే అర్థం. 1910లో రాసి, 1923 దాకా దిద్దుతూ వచ్చాడు. దీనికి ఆధారం రష్యన్ కవి ఝుకోవ్‌స్కీ చెప్పిన బెరెందేయ్ రాజు కథ. ఇంట్లో నీకు తెలియకుండా ఉన్నదాన్ని నాకివ్వమని పాతాళ రాజు కష్చేయ్ అడుగుతాడు, రాజు సరేనంటాడు. తీరా అది అప్పుడే పుట్టిన కొడుకు! ఆ ఇవాన్ పెద్దయి కష్చేయ్ దగ్గరికి పోతే, ఒక్క రాత్రిలో మేడ కట్టమంటాడు, ఒకే పోలికలో ఉన్న ముప్పైమంది అక్కచెల్లెళ్లలో ఒకతెను గుర్తుపట్టమంటాడు. ప్రతిసారీ గట్టెక్కించేది కష్చేయ్ కూతురు మార్యా. ఝుకోవ్‌స్కీ తన కథ పేరులోనే ఆమె తెలివిని చేర్చాడు. మరి కచేరీ వ్యాఖ్యానాల్లో? సెల్లో యువరాజు, పియానో అతని ప్రియురాలు. తెలివి మాయమై ప్రేమ మిగిలింది.

చెవి మాత్రం వేరే చెప్పింది. మొదట్లో నిదానంగా పాట ఎత్తుకునేది పియానో. సెల్లో కమాను పక్కన పెట్టి, వేళ్లతో తీగలు మీటుతూ ముక్కలుముక్కలుగా బదులిస్తుంది. "అక్కా, కథ చెప్తాండేది ఆ పియానోనే గదా! ఇది ఊ కొడ్తాంది" అంది జమ్మలమడుగామె. నాకు బుర్రకథ గుర్తొచ్చింది. నడుమ తంబురాతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు. 1940లలో మోటూరి ఉదయం వంటివాళ్లు ఆ నడిమి చోటులో నిలబడ్డారు. సెల్లో కచేరీలో పియానోను వంతగా చూడడం మనకు అలవాటు. ఆ అలవాటుతో వింటే ఇక్కడ కథకురాలు తప్పిపోతుంది.

"కథ ముందే చదవకపోతే నీకు మార్యా వినపడేదా?" అని పులివెందుల స్నేహితురాలు నిలదీసింది. నిజమే, వినపడేది కాదేమో. ఆ అనుమానంతోనే, మా అమ్మకు ఏమీ చెప్పకుండా మళ్లీ పెట్టాం. కాసేపు విని, "ఇద్దరాడోళ్లు గోడకు ఆ పక్కొకరు ఈ పక్కొకరు నిలబడి మాట్లాడుకుంటాండారు. ఒకామె నిదానస్తురాలు, ఇంకొకామెకు తొందర" అనింది. యువరాజు ఊసే రాలేదు.