పేరు పలకకుండా అడగడం

పదాలు సేకరించేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని, మనకు కావలసిన మాటను మనం ముందే అనకుండా ఉండడం. "దీన్ని మీ ఊళ్లో ఫలానా అంటారు కదా తాతా" అన్నామంటే పని చెడినట్టే. పెద్దాయన మర్యాదకు "అంతే బాబూ" అంటాడు. ఆయన సొంత మాట నోట్లోనే ఉండిపోతుంది. ఈ నిగ్రహాన్ని నేను హెరాల్డ్ ఆర్టన్ పుస్తకాల్లో నేర్చుకున్నాను.

ఆర్టన్ ఇంగ్లండు ఉత్తరాన డరమ్ ప్రాంతంలో పుట్టి, లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనవాడు. ఆయిగెన్ డీత్ అనే స్విస్ పండితుడితో కలిసి 1300 పైచిలుకు ప్రశ్నలు కూర్చాడు. 1950 నుంచి 1961 దాకా 313 చోట్ల వాటిని అడిగించాడు. జవాబు చెప్పినవాళ్లలో ఎక్కువమంది పుట్టిన ఊరు వదలని, సేద్యం తెలిసిన ముసలివాళ్లు. ఆడవాళ్లను ఇంకా చాలామందిని అడగాల్సింది. పొయ్యి దగ్గర, పాలకుండ దగ్గర పుట్టిన మాటలు ఎన్ని జారిపోయాయోనని నాకిప్పటికీ బాధే.

ప్రశ్నలు వస్తువు చుట్టూ తిరుగుతాయి, పేరు మాత్రం ఎత్తవు. వేలు చూపిస్తారు, బొమ్మ చూపిస్తారు, చేతులతో చేసి చూపిస్తారు. ఆవుల్ని కట్టేసే చోటును ఏమంటారని అడిగితే ఉత్తరపు కొసన బయర్ అన్నారు. పడమటి యార్క్‌షైర్‌లో మిస్టల్ అన్నారు. లాంకషైర్, చెషైర్‌లలో షిప్పన్ అన్నారు. ఆ షిప్పనే మళ్లీ ఎక్కడో నైరుతి మూలనున్న డెవన్‌లో వినబడింది! రెంటి నడుమా ఎన్నో కౌంటీలున్నాయి, అక్కడ వాడేవి వేరే మాటలు. లాంకషైర్ రైతు మాటను మూటగట్టుకుని డెవన్‌కు వలసపోలేదు. ఒకప్పుడు ఆ నడిమి నేలమీదా ఉన్న మాటను తర్వాత వచ్చినవి రెండు అంచులకూ నెట్టాయి.

అది ఎంత పాతదో చూడండి. ఇంగ్లీషులో మనకు పేరు తెలిసిన తొలి కవి కేడ్మన్. ఏడో శతాబ్దంలో విట్బీ మఠంలో పశువుల్ని చూసుకునేవాడు. విందులో పాడే వంతు తన దాకా వస్తుందని లేచి వెళ్లిపోయి, ఆ రాత్రి పశువులకు కాపలా ఉండి, కలలో పాట అందుకున్నాడని బీడ్ అనే సన్యాసి రాసిన చరిత్ర చెబుతుంది. ఆ లాటిన్ గ్రంథాన్ని పాత ఇంగ్లీషులోకి తెచ్చినవారు కేడ్మన్ వెళ్లిన కొట్టానికి వాడిన మాట ఈ షిప్పన్‌కు పూర్వరూపమే. వెయ్యేళ్ల తర్వాత ఒక చెషైర్ రైతు అదే మాటను, పుస్తకం ముట్టకుండా, పాలు పిండుతూ పలికాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మనం రోజూ అనే షాపు కూడా ఈ కుదురుదే.

అందుకే మాండలికమంటే చెడిపోయిన భాష అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. ఉత్తర ఇంగ్లండు పల్లెల్లో స్టార్వ్ అవుతున్నానంటే ఆకలని కాదు, చలికి కొంకర్లు పోతున్నానని. పాత ఇంగ్లీషులో ఆ క్రియకు చావడమని అర్థం. దాని జర్మన్ తోబుట్టువు ష్టెర్బెన్‌కు ఇప్పటికీ అదే అర్థం. ప్రామాణిక భాష చావును ఆకలిచావుకు కుదించుకుంది, పల్లె చలి వైపు నడిపించుకుంది. ఇందులో ఎవరిది తప్పు?

ఆర్టన్‌కు ముందే ఈ దారి వేసినవాడు జోసెఫ్ రైట్. చిన్ననాడే సాల్టెయిర్ మిల్లులో కూలికి కుదిరి, పదిహేనేళ్లకు గాని చదవడం నేర్వనివాడు, ఆక్స్‌ఫర్డ్‌లో భాషాశాస్త్ర ఆచార్యుడయ్యాడు. తాను పెరిగిన విండ్‌హిల్ పలుకుకు 1892లో వ్యాకరణం రాశాడు. 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువును తానే ప్రచురించాడు. ఒక్కో మాట ఏ కౌంటీలో వినబడుతుందో అందులో గుర్తు ఉంటుంది.

ఆర్టన్ సర్వే తొలి పుస్తకం 1962లో వచ్చింది. మన తెలుగులో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, వచ్చిందీ ఆ ఏడే. తర్వాత చేనేత సంపుటం వచ్చింది. ఆ వరసలో చేయాల్సింది ఇంకా మిగిలే ఉంది.

ఈ వేసవిలో ఊరికి వెళ్తే మీ ఇంటి పెద్దల్ని ఒకటి అడగండి. ఎద్దుల్ని పల్లంలోకి తోలి, బావిలోంచి తోలుసంచితో నీళ్లు పైకి లాగేదాన్ని ఏమనేవాళ్లు? తెలంగాణలో మోట అనవచ్చు, రాయలసీమలో కపిల అనవచ్చు, మరొకటీ అనవచ్చు. మీరు మాత్రం ఏదీ అందించకండి. పేరు దొరికాక తాడుకేమిటి, సంచికేమిటి, ఎద్దులు వెనక్కి ఎక్కే బాటకేమిటి అని వరసగా పోండి. జవాబు పక్కన ఊరి పేరు, చెప్పినవారి వయసు రాసిపెట్టుకోండి.