చర్మకారుడి ఇంటి గడప

సండే స్కూలుకు రెండు మూడేళ్ళు వెళ్ళిన పిల్లవాణ్ణి ఎవరినైనా పిలిచి, అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఏముందో చెప్పమనండి. మేడగదిలో దిగిన నిప్పు నాలుకలు చెబుతాడు. దమస్కు దారిలో సౌలు గుర్రం మీంచి పడ్డాడంటాడు. బైబిల్లో అక్కడ గుర్రం లేదు, బొమ్మలు గీసేవాళ్ళు ఎక్కించారు. ఫిలిప్పీ చెరసాలలో భూకంపం, వాటంతటవే తెరుచుకున్న తలుపులు కూడా చెబుతాడు. యొప్పేలో పేతురు ఎవరింట్లో దిగాడని అడగండి. తల గోక్కుంటాడు. నన్నడిగితే ఆ గ్రంథాన్ని పిల్లలకు ఆ ఇంటి దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

ఆ ఇల్లు సముద్రపు ఒడ్డున ఉంది. ఇంటాయన పేరు సీమోను, చర్మకారుడు. పచ్చి తోళ్ళు పదునుచేసి బతికే మనిషి. కథకుడు లూకా ఆ వృత్తి సంగతి ఒకసారి చెప్పి ఊరుకోలేదు, మూడుసార్లు చెప్పాడు. ఎందుకో తెలియాలంటే ఆనాటి యూదుల లోకం కొంచెం తెలియాలి. చచ్చిన గొడ్డును ముట్టుకున్నవాడు సాయంకాలం దాకా మైలవాడని ధర్మశాస్త్రం. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల న్యాయగ్రంథం తోళ్ళ పని ఊరికి 50 మూరల దూరంలో, అదీ తూర్పు దిక్కునే పెట్టుకోవాలంటుంది. భర్త చర్మకారుడైతే ఆ వాసన భరించలేనని భార్య విడాకులు అడగవచ్చు. పెళ్ళికి ముందు తెలిసే ఒప్పుకున్నా సరే, ఇప్పుడు నావల్ల కాదంటే చెల్లుతుంది.

తెలుగు పల్లెలో పెరిగిన పిల్లలకు ఇంతకన్నా వివరించక్కర్లేదు. ఏ వాడ ఊరికి ఏ దిక్కున ఉంటుందో, ఎందుకక్కడ ఉంటుందో వాళ్ళకు మనం చెప్పాలా? యెరూషలేము సంఘానికి పెద్ద దిక్కు లాంటివాడు వచ్చి ఆ ఇంట్లో చాలా రోజులున్నాడు. ఈ ఒక్క మాట చెప్పి కాసేపు ఊరుకోండి. వెనక వరసలోంచి ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. “టీచర్, మరి వాళ్ళింట్లో అన్నం తిన్నాడా?”

ఆదిమ సంఘం ఎలా పెరిగిందో చెప్పేటప్పుడు మనవాళ్ళు ఎక్కువగా లెక్కలు చెబుతారు. మొదట 120 మంది, పెంతెకొస్తు నాడు ఇంచుమించు 3,000, ఆ తర్వాత మగవాళ్ళే 5,000. ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి అంటిస్తూ పోతే పిల్లలకు చూడముచ్చటగానే ఉంటుంది. కానీ దాంతో వాళ్ళకు అబ్బేది క్రికెట్ స్కోరు చూసిన సంబరం మాత్రమే. జనం పెరిగిన వెంటనే ఏమైందో లూకా దాచకుండా రాశాడు. తగువు వచ్చింది. ఆరో అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగ్గా అందడం లేదని సణుగుడు మొదలైంది. పంచేవాళ్ళు వేరే భాషవాళ్ళు. బహుశా ఎవరూ కావాలని చేసి ఉండరు. మన మాట మాట్లాడేవాళ్ళే మన కళ్ళకు ముందు ఆనతారు, అంతే.

ఈ పాఠానికి ఒక పళ్ళెం మరమరాలు చాలు. పంచేటప్పుడు పిలుపులన్నీ హిందీలో పిలవండి. హిందీ వచ్చిన నలుగురు ముందుకొచ్చి దోసిళ్ళు నింపుకుంటారు, మిగతావాళ్ళకు అడుగున నూక మిగులుతుంది. క్లాసులో గోల లేస్తుంది, లేవనివ్వండి. తర్వాత అడగండి, ఇప్పుడేం చేద్దాం? అందరికీ సమంగా పంచుదామంటారు మొదట. సరే, పంచేది ఎవరు? అక్కడ ఆగుతారు. అప్పుడు ఆ ఏడుగురి పేర్లు బోర్డు మీద రాయండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. చివరివాడు పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో కలిసినవాడు. అన్నం అందని పక్షంవాళ్ళ చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మా దాంట్లోంచి మీకూ కొంత పెడతాం అనడం వేరు, గరిటె చేతికివ్వడం వేరు. ఆ తేడా పదేళ్ళ పిల్లకు తెలిసినంత చప్పున పెద్దవాళ్ళకు తెలియదు. మరమరాలు రెండోసారి పంచే పని, మొదటిసారి నూక దక్కినవాళ్ళకు అప్పజెప్పండి.

ఎనిమిదో అధ్యాయంలో రథం మీద వస్తున్న ఐతియొపీయుడి కథకు మాత్రం కాగితం చుట్ట కావాలి. దుకాణాల్లో బిల్లులు కొట్టే సన్నటి కాగితం చుట్ట చక్కగా పనికొస్తుంది. ఆయన కందాకే రాణి కొలువులో ధనాగారం చూసే అధికారి, నపుంసకుడు. ఈ మాట దగ్గర టీచర్లు గొంతు తగ్గించి దాటేస్తారు. దాటక్కర్లేదు. ఆయన ఒంటికి ఎవరో చేసిన గాయం వల్ల పెళ్ళీ పిల్లలూ లేకుండా పోయాయని, అలాంటివాళ్ళకు సమాజంలో చేరే హక్కు లేదని పాత ధర్మశాస్త్రంలో ఉండేదని చెబితే పిల్లలు మనకన్నా నెమ్మదిగా వింటారు. అంత దూరం నుంచి ఆరాధించడానికి వచ్చి, అంత దూరం తిరిగి పోతూ, ఎండలో గాజా దారిన ఆయన చదువుకుంటున్నది యెషయా గ్రంథపు చుట్ట, ఇప్పుడు మనం 53వ అధ్యాయం అనే చోట. చుట్టను ఇంకొంచెం విప్పితే, మూడు అధ్యాయాల అవతల, నపుంసకులకూ పరదేశులకూ నా మందిరంలో చోటుందని దేవుడు మాట ఇచ్చిన భాగం వస్తుంది. పిల్లల చేతనే ఆ కాగితం విప్పించండి. ఆయన అక్కడిదాకా చదివాడో లేదో లూకా చెప్పలేదు. పిల్లలు మాత్రం చదివే ఉంటాడని పట్టుబడతారు.

ఇలా ప్రశ్నను పిల్లల చేతిలో వదిలిపెట్టే పద్ధతికి మంచి వంశవృక్షమే ఉంది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి పెట్టినప్పుడు అది వారమంతా పనిచేసే పిల్లలకు అక్షరాలు నేర్పే చోటు. చదవడం, కంఠతా పట్టడం అప్పుడు వచ్చాయి. మన బంగారు వాక్యాల పోటీలు ఆ దారిలోవే. 1954లో రోములో సోఫియా కవల్లెట్టి అనే హీబ్రూ పండితురాలు, మాంటిస్సోరి టీచరైన జాన్నా గొబ్బీతో కలిసి వేరే దారి వేశారు. పిల్లల చేతికి చిన్న చిన్న కొయ్య బొమ్మలిచ్చి, కథ మెల్లగా చెప్పి, జవాబు చెప్పకుండా ఆశ్చర్యపోనివ్వడం. తర్వాత అమెరికాలో జెరోమ్ బెరిమన్ దాన్నే ‘గాడ్లీ ప్లే’గా పెంచారు. మనకు ఆ ఖరీదైన కొయ్య బొమ్మలు అక్కర్లేదు. చింతపిక్కలు, సుద్దముక్క ఉంటే చాలు.

ఆ సుద్దముక్కతోనే పదో అధ్యాయానికి నేల మీద గడప గీయాలి. కైసరయలో ఇటలీ పటాలపు శతాధిపతి కొర్నేలీ. యొప్పేలో మిద్దె మీద ఆకలితో ప్రార్థిస్తున్న పేతురు. ఆకాశం నుంచి నాలుగు చెంగులు పట్టి దింపిన దుప్పటి, అందులో తినకూడని జంతువులన్నీ. దుప్పటిని మూడుసార్లు దింపాలి, ఒక్కసారితో సరిపెట్టకూడదు. మొదటిసారి పిల్లలు నవ్వుతారు, మూడోసారికి నవ్వరు. కొర్నేలీ పిలుపు మీద పేతురు ఆరుగురు సహోదరులను వెంటబెట్టుకుని కైసరయకు నడిచిన దూరం ఇంచుమించు 50 కిలోమీటర్లు, చీరాల నుంచి ఒంగోలంత, అదీ మన దారిలాగే తీరం వెంట. గది చుట్టూ నడిపించండి. గడప దగ్గర మాత్రం ఆపండి. పేతురు వేషం వేసిన పిల్లవాడు కాలు లోపల పెట్టే ముందు మనసులో ఏమనుకుంటున్నాడో పైకి చెప్పాలి. ఆ తర్వాత వేషాలు మార్చండి. మార్చకపోతే ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్లవాడే పేతురవుతాడు, కొత్తగా చేరినవాడే బయటివాడుగా మిగిలిపోతాడు.

యెరూషలేముకు తిరిగొచ్చాక పేతురు మీద వచ్చిన మొదటి నేరారోపణ బాప్తిస్మం గురించి కాదు. యూదులు కానివాళ్ళ ఇంట్లోకి వెళ్ళి తిన్నావట కదా, అని. మన దేశంలో ఈ వాక్యానికి వ్యాఖ్యానం రాయాల్సిన పని లేదు.

ఇక్కడే టీచరు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నాటకంలో పేతురును నిలదీసినవాళ్ళకు నల్ల గడ్డాలు, కోపపు మొహాలు పెట్టేసి యూదులను దుర్మార్గులను చేసేయడం చాలా సులువు, చాలా తప్పు కూడా. నిలదీసింది యూదులే, నిలదీయించుకున్నదీ యూదుడే, కథ మధ్యలో ఉన్న యేసూ యూదుడే. భోజన నియమాలు వాళ్ళకు గర్వం కోసం పెట్టుకున్నవి కావు. క్రీ.పూ. 167 ప్రాంతంలో అంతియొకస్ రాజు పంది మాంసం తినమని బలవంతపెడితే, తినకుండా ప్రాణాలిచ్చిన తాతల జ్ఞాపకం అందులో ఉంది. అది చెబితేనే పేతురు గడప దాటడం ఎంత బరువైన పనో పిల్లలకు అందుతుంది.

ఇంకొక్కటి. అంతియొకయలో ఇదే పేతురు మొదట అన్యజనులతో కలిసి తిని, యెరూషలేము నుంచి మనుషులు రాగానే మెల్లగా బంతిలోంచి లేచిపోయాడు. పౌలు అందరి ముందు ముఖం మీదే తప్పు పట్టాడు. ఇది గలతీయులకు రాసిన పత్రికలో ఉంది. సండే స్కూలు పాఠాల్లో మాత్రం సాధారణంగా ఉండదు, అపొస్తలులు పోట్లాడుకున్నారని పిల్లలకు చెప్పడం బాగుండదని. నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా అవసరమైన పాఠం అనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు స్నేహంగా ఉండి, జట్టు రాగానే మొహం తిప్పుకోవడం ఆరో తరగతి పిల్లలకు తెలియని విద్యా? క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలంతా కూర్చుని, అన్యజనులు సున్నతి లేకుండానే చేరవచ్చని తీర్మానించారు. అది ఈ తగువు పక్కన పెట్టి చెబితేనే పిల్లలకు రుచిస్తుంది.

బైబిలు ముగిసిన తర్వాత సంఘం ఎలా పెరిగిందన్నది పెద్ద పిల్లలకు చింతపిక్కల పాఠం. సమాజ శాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ 1996లో ఒక అంచనా వేశారు. క్రీ.శ. 40లో వెయ్యి మంది అనుకుని, పదేళ్ళకు 40 శాతం చొప్పున పెరిగితే 300 నాటికి 60 లక్షలు దాటుతారు. పది పిక్కలు పెట్టి, పక్కన నాలుగు చేర్చండి. పద్నాలుగు. పదేళ్ళ ఎదుగుదల అంతే. మొదటి రెండు మూడు వరసలు చూసి పిల్లలు ఇంతేనా అని పెదవి విరుస్తారు. ఏడో వరసకు పిక్కలు చాలక పక్కింటికి పరుగెత్తుతారు. పెద్ద గుడులేమీ లేవు అప్పటికి. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దురా-యూరోపస్ అనే ఊరి తవ్వకాల్లో బయటపడ్డ క్రైస్తవ మందిరం, 240 ప్రాంతంలో ఒక మామూలు ఇంటి గోడ కూల్చి రెండు గదులు కలుపుకున్నది. పెద్ద గదిలో 70 మంది వరకు పడతారు. 250 తర్వాత మహమ్మారి వచ్చినప్పుడు అలెగ్జాండ్రియాలో క్రైస్తవులు రోగులను వదలకుండా సేవచేసి తామూ చచ్చిపోయారని అక్కడి బిషప్పు దియొనూసి ఉత్తరం రాశాడు. తనవాళ్ళ గురించి తాను రాసుకున్నది కదా, ఆ పాటి తగ్గించి చదవమని పెద్ద పిల్లలకు చెప్పవచ్చు.

మన నేల మీద ఈ కథ జరిగిన చోటు ఒంగోలు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చినప్పుడు ముందు పై కులాల పిల్లలు బడికి వచ్చారు. తర్వాత యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు వచ్చారు. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలను పంపేది లేదన్నారు పెద్ద కులాలవాళ్ళు. క్లౌ దంపతులు ఆ రాత్రి వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని ఆయన రాసుకున్నాడు. ఎన్నికలేనివాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. మాదిగలను చేర్చుకున్నారు, పై కులాల పిల్లలు వెళ్ళిపోయారు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. గంజి కోసం చేరారన్న మాట పడకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మన క్రైస్తవులందరికీ నోటికి వచ్చు. వెళ్ళిపోయిన బడి పిల్లల సంగతి, ఈనాటికీ ఒకే ఊళ్ళో మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి ఉండే సంగతి మాత్రం వార్షికోత్సవాల్లో వినపడదు. పిల్లలు అడుగుతారు, “మనం ఆ గుడికి ఎందుకు వెళ్ళం టీచర్?” అని. జవాబు సిద్ధం చేసుకోకుండా ఈ పాఠం మొదలుపెట్టకండి.

మళ్ళీ యొప్పేకి వద్దాం. పేతురు కైసరయకు బయలుదేరడానికి ముందు రాత్రి ఒకటి ఉంది. నేను చూసినంతలో దాన్ని ఎవరూ పాఠంగా చెప్పరు, ఒక్క వాక్యమే గనక. కొర్నేలీ పంపిన ముగ్గురు, ఇద్దరు పనివాళ్ళు, ఒక సైనికుడు, సీమోను ఇల్లు వెతుక్కుంటూ వచ్చి వాకిట్లో నిలబడి పిలిచారు. పేతురు వాళ్ళను లోపలికి పిలిచి ఆ రాత్రికి ఆతిథ్యమిచ్చాడు. తనే పరాయి ఇంట్లో అతిథి, అయినా ముగ్గురు అన్యజనులను లోపలికి రమ్మన్నాడు. అంటే పేతురు కొర్నేలీ గడప దాటకముందే వాళ్ళు చర్మకారుడి గడప దాటారు. ఆ పూట వంట ఎవరు చేశారో, ఇంట్లో ఉన్న రొట్టెలు సరిపోయాయో లేదో లూకా రాయలేదు.

క్లాసు చివర ఆ ప్రశ్నే అడుగుతాను. ఒకసారి ఒక అమ్మాయి లేచి, ఎంతో మామూలు సంగతి చెప్పినట్టు, “సీమోను వాళ్ళావిడే చేసుంటుంది. పక్కింట్లో పిండి బదులు తెచ్చుకుని,” అంది. తర్వాత కాసేపు ఆలోచించి, “వాళ్ళకు పక్కిల్లు ఉంటే,” అంది.