సొర వెలుగు, కొయ్య వెలుగు

మచిలీపట్నం గిలకలదిండి హార్బర్‌లో సొర దిగితే అందరి చూపూ దాని రెక్కల మీద, తూకం మీద. చీకట్లో దాని పొట్ట ఎలా ఉంటుందన్న ధ్యాస ఎవరికీ ఉండదు. కైట్‌ఫిన్ సొర విషయంలో మాత్రం చూడాల్సింది పొట్టనే. 2020 జనవరిలో న్యూజిలాండ్ తూర్పు సముద్రంలో పట్టిన ఈ సొరలు నీలంగా వెలగడాన్ని జెరోమ్ మాలెఫె బృందం ఫొటో తీసి, 2021లో వెల్లడించింది. దాదాపు 1.8 మీటర్ల దాకా పెరిగే ఈ సొర, వెన్నెముక ఉన్న వెలుగు జీవుల్లో ఇప్పటిదాకా తెలిసినంతలో అతి పెద్దది.

కుళ్లిన కొయ్యలో బతికే కొన్ని శిలీంధ్రాలూ వెలుగుతాయి, పచ్చగా. మేఘాలయలో ఎండు వెదురు మీద పెరిగే అలాంటి పుట్టగొడుగును 2020లో కొత్త జాతిగా గుర్తించారు. దానికి కాడ మాత్రమే వెలుగుతుంది, గొడుగు వెలగదు.

ఇలా చేప వెలుగునూ కొయ్య వెలుగునూ పక్కపక్కన పెట్టి చూసే పని ఇవాళ్టిది కాదు. 1667లో శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ వెలిగే కొయ్యముక్కను గాజుపాత్రలో పెట్టి, పంపుతో గాలి లాగేశాడు. వెలుగు తగ్గింది. గాలి వదలగానే మళ్లీ వచ్చింది. తర్వాత వెలిగే చేపనూ అలాగే పరీక్షించాడు. అక్కడితో ఊరుకోలేదు. మండే బొగ్గుకూ వెలిగే కొయ్యకూ పోలికలేవో, తేడాలేవో విడివిడిగా రాసి 1668లో అచ్చువేశాడు. గాలి రెంటికీ కావాలి. కానీ కొయ్య చల్లగా ఉండే వెలుగుతుంది. గాలి లేక కాసేపు ఆరిన బొగ్గు మళ్లీ రాజుకోదు, కొయ్య మళ్లీ వెలుగుతుంది. తేడాలకు కూడా అంత చోటిచ్చాడు కాబట్టే ఆ పని ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది.

సొరనూ శిలీంధ్రాన్నీ అలాగే చూడాలి. శిలీంధ్రంలో లూసిఫెరిన్ అనే పదార్థం ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసి వెలుగిస్తుంది. సొరకు చర్మంలోనే సన్నటి వెలుగు కణాలున్నాయి, వాటిని వెలిగించేది మెలటోనిన్ హార్మోను. పైనుంచి దిగే మసక వెలుతురులో పొట్ట నీడ కనపడకుండా చేసుకోవడానికే ఈ ఏర్పాటని శాస్త్రవేత్తల ఊహ. బ్రెజిల్‌లో ఒక పుట్టగొడుగుది సరిగ్గా ఎదురు దారి: రాత్రిళ్లు వెలిగి పురుగుల్ని పిలుస్తుంది.

బాయిల్ చేప సంగతి వేరు. చచ్చిన చేప వెలుగు దానిది కాదు, దాని మీద పెరిగే బ్యాక్టీరియాది. దివిసీమలో వానాకాలపు రాత్రి బుట్టలో చేపో, దొడ్లో దుంగో మెరిసినట్టనిపిస్తే టార్చి ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు ఆగాలి. చేప మీది జిగురు తుడిస్తే వెలుగు వేలికంటుతుంది. కొయ్యనైతే చీల్చి, లోపలి పేళ్లు చూడాలి.