మసి పేరుకొనే తీరు: శాస్త్ర తెలుగులో క్రియాపదం

1. ఉపోద్ఘాతం

శాస్త్ర తెలుగును గురించిన చర్చ చాలావరకు పారిభాషిక నామపదాల చుట్టూ సాగుతుంది. విద్యుత్ క్షేత్రం, ఆవేశం, వాహకం వంటి పదాలు పాఠ్యపుస్తకాల ద్వారా ఇప్పటికే స్థిరపడ్డాయి. అయితే ఒక ప్రక్రియను వివరించేటప్పుడు అర్థం తప్పిపోయేది తరచుగా క్రియాపదం దగ్గర. డీజిల్ పొగలోని మసిపై విద్యుత్ క్షేత్రం చూపే ప్రభావాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ సంగతిని పరిశీలిస్తుంది.

2. ‘ఆకర్షించు’: పరిమితులు

విద్యుత్ క్షేత్రం మసిని అయస్కాంతంలా ఆకర్షిస్తుందనడం సులభమైన వివరణ. ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది దిశకు సంబంధించింది. డీజిల్ మసి రేణువుల్లో చాలావాటికి దహన సమయంలోనే ఆవేశం వస్తుంది. వాటిలో ధనావేశం గలవి, ఋణావేశం గలవి దాదాపు సమానం. కనుక అవి ఒకవైపుకు కాక రెండు ఎలక్ట్రోడ్ల వైపుకూ విడిపోతాయి. ఆవేశం లేని రేణువులు చాలావరకు వాయుప్రవాహంతోనే సాగిపోతాయి.

రెండవ లోపం మరింత ముఖ్యమైనది. ఆకర్షణతోనే పని ముగిసినట్లు ఆ వాక్యం స్ఫురింపజేస్తుంది. నిజానికి ఎలక్ట్రోడుకు అంటిన రేణువు మీద మరొకటి చేరి, మసి క్షేత్రదిశలో సన్నని కొమ్మల వలె పెరుగుతుంది. మసి విద్యుద్వాహకం కావడం వల్ల ఆ కొమ్మలకు ఎలక్ట్రోడు ఆవేశమే సంక్రమిస్తుంది. అప్పుడు వికర్షణ, వాయువేగం కలిసి వాటిని విరుస్తాయి. విరిగిన ముక్కలు మొదటి రేణువుల కంటే పెద్దవై తిరిగి పొగలో కలుస్తాయి.

3. వాడుక క్రియల సామర్థ్యం

ఈ దశలను చెప్పడానికి కొత్త పదాలు కల్పించనక్కరలేదు. అంటుకొను, పేరుకొను, విరుగు, రాలు అనే క్రియలు పొయ్యి, లాంతరు చిమ్నీ ఎరిగిన తెలుగువారికి పరిచితమైనవే. మసికీ బూడిదకూ ఉన్న భేదం కూడా వాడుకలో ఉన్నదే. ఆ భేదం శాస్త్రపరంగా కూడా విలువైనది. 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికాలో ఫ్రెడరిక్ కాట్రెల్ రూపొందించిన స్థిరవిద్యుత్ అవక్షేపక పద్ధతి బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదను పట్టడంలో స్థిరపడింది. వాహకమైన మసి మాత్రం పలకను తాకగానే ఆవేశాన్ని కోల్పోయి తిరిగి లేచిపోగలదు. రెండింటినీ ‘పొగ’ అనే ఒక్క మాటలో కలిపితే ఈ తేడా పాఠకునికి అందదు.

వాహనాల్లోని ఒక రకం మసి సెన్సరు దీనికి మరో నిదర్శనం. అందులో మసి రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వంతెనలా పేరుకొంటే విద్యుత్ ప్రవాహం పెరుగుతుంది. ఆ పెరుగుదలే కొలత. తరువాత సెన్సరును వేడిచేసి మసిని కాల్చివేస్తారు. ఇక్కడ క్షేత్రం మసిని ‘తొలగిస్తుంది’ అంటే అర్థం తలకిందులవుతుంది.

4. ముగింపు

2012లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ ఇంజిన్ పొగను మానవులకు కేన్సర్ కారకంగా వర్గీకరించింది. అటువంటి విషయంలో ‘పట్టుకొనడం’, ‘తొలగించడం’ పర్యాయపదాలు కావు. పట్టిన మసి మళ్లీ గాలిలో కలియవచ్చునన్న సత్యాన్ని దాచే వాక్యం పాఠకునికి లేని భరోసా ఇస్తుంది. కనుక శాస్త్ర తెలుగు సమీక్షలో నామపదాల నిర్దుష్టతతో పాటు క్రియాపదాల నిర్దుష్టతను కూడా ప్రమాణంగా స్వీకరించాలి.