కరణాలు రాసిన యుద్ధాలు

1799 మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం కూలింది. మరుసటి ఏడే అలెగ్జాండర్ బీట్సన్ ఆ యుద్ధం మీద పుస్తకం అచ్చువేశాడు. 1810లో మార్క్ విల్క్స్ మైసూరు చరిత్ర మొదటి సంపుటం వచ్చింది. మన్రో ఉత్తరాలను గ్లీగ్ 1830లో గ్రంథంగా తెచ్చాడు. దక్షిణాది యుద్ధాల గురించి ఎవరు మాట్లాడినా ఈ దొరల పుస్తకాలే ముందర పెట్టుకుంటారు. ఆ రోజుల్లోనే మన అనంతపురం సీమలో అవే యుద్ధాలను తెలుగులో, వాడుక మాటల్లో, కళ్లకు కట్టేట్టు రాసిన రచన ఒకటుందని ఎందరికి తెలుసు?

దాని పేరు ‘రాజుల యుద్ధములు’. అనంతపురం చరిత్ర అని కూడా అంటారు. బ్రౌన్ దొర దాన్ని ఇంగ్లీషు చేసి 1853లో మద్రాసులో అచ్చువేయించాడు. 1750–1810 ప్రాంతంలో రాసిందని ముఖపత్రం మీదనే చెప్పాడు. అనంతపురాన్ని ఏలిన హండే నాయకుల కథ అది. నా మటుకు నాకు విల్క్స్ సంపుటాలన్నీ ఒకవైపు, ఇదొక్కటీ ఒకవైపు. ఫిరంగి పేల్చినవాడి జ్ఞాపకం వేరు, ఆ ఫిరంగి పేలాక ఊళ్లో మిగిలినవాళ్ల జ్ఞాపకం వేరు.

ఈ రాతకు పుట్టిల్లు ఊరి లెక్కలు రాసే కరణం పెట్టె. గుడ్డకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి పట్టించి, ఆరబెట్టి, మడతలు పెడితే కడితం. దానిమీద బలపంతో రాసేవారు. నిలవుండాల్సినవి తాటాకుకెక్కేవి. గ్రామ సంగతులు దండకవిలెల్లో తరం నుంచి తరానికి చేరేవి. శ్రీరంగపట్నం ముట్టడిలో ఇంజనీరుగా ఉన్న కాలిన్ మెకంజీ, యుద్ధం ముగిశాక కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువాళ్ల చేత ఊరూరా ఇలాంటివే సేకరింపజేశాడు. అవే కైఫియత్తులు. పాతిక దాటాడో లేదో, బొర్రయ్య 1803లో కన్నుమూశాడు. పాత శాసనాల లిపి విప్పిన ఘనుడాయన. ఇంకో ఇరవయ్యేళ్లు బతికుంటే మన చరిత్ర ఇంకెంత దొరికేదో!

కరణం పనితనం ఎక్కడుందంటే పొదుపులో. పద్యకవి అయితే యుద్ధానికి ముందు సూర్యోదయం వర్ణిస్తాడు. కరణానికి అంత తీరిక లేదు. దండు వచ్చి, దిగి, ముట్టడివేసి, పైకం పుచ్చుకుని, లేచిపోయి అని క్రియ మీద క్రియ పేర్చుకుంటూ పోతాడు. చదివేవాడికి గుర్రాల పరుగు వినిపిస్తుంది. సంవత్సరం పేరు తప్పదు. శ్రీరంగపట్నం పోయింది సిద్ధార్థిలో అంటే పల్లెలో ముసలాయన తన వయసు లెక్కగట్టుకోగలడు. కిల్లా, ఫౌజు, ఠాణా, సనదు, జప్తి లాంటి మాటలు తెలుగు మాటల పక్కన ఏ బెరుకూ లేకుండా కూర్చుంటాయి. కచేరీలో ఎలా మాట్లాడేవారో అలాగే రాశారు మరి. అన్నిటికన్నా గొప్పది, డబ్బు లెక్క మరవకపోవడం. 1757లో గుత్తి మురారిరావు అనంతపురం మీద పడితే, హండేలు కొన్నాళ్లు నిలిచి చివరికి 50,000 రూపాయలిచ్చి సాగనంపారు. ఆ పైకం ఎక్కడి నుంచి వచ్చిందో రైతుకు తెలుసు, కరణానికి ఇంకా బాగా తెలుసు.

ఆ మురారిరావునే 1776లో హైదరాలీ గుత్తి కొండమీద ముట్టడించి, నీళ్లు అడుగంటేదాకా కాచుకుని, లొంగదీసి పట్టుకుపోయాడు.    ఇక హండే ఇంటి మగవాళ్లందరినీ టిప్పు ఉరితీయించగా, సిద్దప్ప ఒక్కడే శ్రీరంగపట్నం చెరనుంచి తప్పించుకుని, టిప్పు పోయాక మళ్లీ అనంతపురం చేరాడు. ఏడాది తిరక్కుండా సీమ నైజాముకు, 1800లో కుంపిణీకి పోయింది. ఇంతటి కథకు కరణం ఒక్క కన్నీటి మాట చేర్చడు. చేర్చకపోవడం వల్లనే గుండె పట్టేస్తుంది.

2001లో వెల్చేరు నారాయణరావు, షుల్మన్, సుబ్రహ్మణ్యం కలిసి రాసిన పుస్తకంలో కరణాల రాతను చరిత్రగా నిలబెట్టారు. కైఫియత్తును పుక్కిటి పురాణమని తోసేసినవాళ్లకు అది గట్టి జవాబు. అయినా మన ఊళ్లలో జరుగుతున్నదేమిటి? పాళెగాడి పేరు చెబితే చాలు, ఫోనులో పది వీడియోలు. కత్తి తిప్పడం, మీసం మెలెయ్యడం, డప్పుల హోరు. తారీఖు లేదు, ఊరు లేదు, ఎవరు చెప్పారో లేదు. కులానికొకటి వంశచరిత్ర పుట్టుకొస్తోంది, అందులో ఓడినవాడే ఉండడు! ధర్మవరం మగ్గం పక్కన మరనేత చీర పెట్టి అదే పట్టు అని అమ్మినట్టుంది ఈ వ్యాపారం. మగ్గం ఎరిగిన ఊరు ఇక్కడ మాత్రం ఎందుకు మోసపోతుంది? ఎందుకంటే అసలుది ఎవరూ చూపించలేదు. బడిలో చెప్పరు. అసలు కట్టలేమో అటకల మీద చెదలకు మేతవుతున్నాయి. పాత తాటాకులు ఇంట్లో ఉంటే కీడని ఏట్లో కలిపేస్తున్నారు. అలా కలిపిన ప్రతి కట్టతోనూ ఒక ఊరు తన నోరు పారేసుకున్నట్టే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తాలూకాల్లో కరణీకం చేసిన కుటుంబాలవారికి నా విన్నపం ఒక్కటే. పెట్టె తెరవండి. ఆకులు విరిగిపోతుంటే బలవంతంగా విప్పకండి, తడిగుడ్డతో తుడవకండి. కడితాన్నయితే అసలు రుద్దకండి, బలపం రాత చెరిగిపోతుంది. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు కష్టపడి నిలబెట్టిన బ్రౌన్ గ్రంథాలయం ఉంది, తిరుపతిలో ప్రాచ్య పరిశోధనా సంస్థ ఉంది. అసలు ప్రతి ఇవ్వడానికి మనసొప్పకపోతే వరసగా ఫొటోలైనా తీయించి పంపండి. కట్ట ఏ ఊరిదో, ఏ ఇంటిదో, ఎవరి చేతిరాతో పెద్దవాళ్లను అడిగి చీటీ మీద రాసి దానికి కట్టండి. ఆ సంగతి చెప్పగల పెద్దలు ఇంకా కొందరున్నారు, ఈ పని ఈ ఏడే చేయండి.