తూనీగకు ఎన్ని ‘ఓ’లు?

బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులకు పైన ఇంకో మాస్టర్ పాస్‌వర్డు కావాలా అన్న గొడవ పాతదే. క్రోమ్ సెట్టింగ్స్ తెరిస్తే ఎవరైనా పాస్‌వర్డులన్నీ చదివేయొచ్చని 2013లో ఎలియట్ కెంబర్ అనే డెవలపర్ వేలెత్తి చూపాడు. అప్పట్లో క్రోమ్ భద్రత చూసే జస్టిన్ షూ జవాబు సారాంశం ఇది: మీ అకౌంట్‌లోకి ఒకడు వచ్చి కూర్చున్నాక ఏ తాళమూ ఆపదు, ఆపుతుందని నమ్మించడం తప్పు.

లెక్క ప్రకారం సరైన మాటే. కానీ ఆ లెక్క మనిషికో అకౌంటున్న ఇళ్లకు వేసింది. మా హాల్లో మూలనున్న డెస్క్‌టాప్ ఇంటిల్లిపాదిదీ. పిల్లల ప్రాజెక్టులు, కరెంటు బిల్లు, ఎదురింటి అమ్మాయి హాల్‌టికెట్ ప్రింటు అన్నీ ఒకే విండోస్ అకౌంట్లో. వీధి తలుపు బార్లా తెరిచి ఉన్నా బీరువాకు తాళం వేసుకుంటాం, ఇంట్లోవాళ్లు దొంగలని కాదు. గడ్డపారతో వచ్చేవాణ్ని అది ఎలాగూ ఆపదు. ఊరికే తలుపు లాగి చూసే చేతికి అది చాలు. తర్వాత క్రోమ్ కూడా పాస్‌వర్డు చూపించే ముందు కంప్యూటర్ పాస్‌వర్డు అడగడం మొదలుపెట్టింది. ఆ కంప్యూటర్ పాస్‌వర్డు మా ఇంట్లో అందరికీ తెలుసు!

ఫైర్‌ఫాక్స్‌లో ఈ తాళం విడిగా ఉంది. 2020 నుంచి దాన్ని ప్రైమరీ పాస్‌వర్డు అంటున్నారు. మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెట్టుకోవాలి, దానంతటది రాదు. పెట్టుకోకపోతే ప్రొఫైల్ ఫోల్డర్లో రెండు ఫైళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో గుప్తలిపిలో పాస్‌వర్డులు, రెండోదాంట్లో వాటిని విప్పే తాళంచెవి. రిపేరుకిచ్చిన ల్యాప్‌టాప్ నుంచి ఆ రెంటినీ పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నవాడికి ఇంకేమీ అక్కర్లేదు. ప్రైమరీ పాస్‌వర్డు పెడితే ఆ తాళంచెవి కూడా గుప్తలిపిలోకి పోతుంది.

అయినా అది ఎంత గట్టిదన్నది మనం ఎంచుకున్న మాటల మీదే ఉంటుంది. 2018లో వ్లాదిమిర్ పలాంట్ అనే భద్రతా పరిశోధకుడు ఫైర్‌ఫాక్స్ ఈ పాస్‌వర్డును ఒక్కసారే షా-1 అనే గణిత సూత్రం గుండా పంపి ఊరుకుంటోందని బయటపెట్టాడు. అప్పటి ఒక్క గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 850 కోట్ల ఊహలు పరీక్షించగలదు. ఈ లోపం అంతకు తొమ్మిదేళ్ల ముందే మొజిల్లా దృష్టికి వచ్చిందట! తర్వాత సరిచేశారనుకోండి.

ఆ పాత తాళం మీదే ఒక లెక్క వేసి చూశాను. పాచికలు వేసి 7,776 మాటల జాబితా నుంచి మాటలు ఏరుకునే పద్ధతి ఒకటుంది, డైస్‌వేర్. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ పెట్టాడు. ఒక్కో మాటకు ఐదు పాచికలు. నాలుగు మాటలైతే ఆ కార్డు ఐదు రోజుల్లో అన్ని కలయికలూ చూసేస్తుంది. ఐదో మాట చేరిస్తే వందేళ్లు దాటుతుంది. ఆరు పెట్టుకుంటే నిశ్చింత.

ఇంగ్లిష్ జాబితా నాకు నచ్చలేదు, తెలుగు మాటలు కావాలనిపించింది. సినిమా డైలాగులూ సామెతలూ పనికిరావు, వాటిని ఊహించేవాళ్లు ఊహిస్తారు. నిఘంటువును ఊరికే తెరిచినా వేలు ఎప్పుడూ మధ్య పేజీల్లోకే పోతుంది. కాబట్టి పిల్లల వైకుంఠపాళి పాచిక తెచ్చి, పడిన అంకెలతోనే పేజీ, వరుస ఎంచుకున్నాను. రోకలి, మడమ, సున్నం, తూనీగ... (ఇవి నావి కావు, కంగారు పడకండి.)

అసలు చిక్కు అక్కణ్నుంచి మొదలైంది. తెలుగు లిపిలోనే కొడదామంటే కంప్యూటర్‌కో కీబోర్డు పద్ధతి, పైగా చుక్కలు తప్ప ఏం పడుతోందో కనబడదు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడదామంటే తూనీగలో ‘టీ’ పక్కన ‘హెచ్’ పెట్టాలా? ‘తూ’కి రెండు ‘ఓ’లా, ఒక ‘యూ’నా? వాట్సాప్‌లో రోజుకో రకంగా రాసే చెయ్యి ఇది. చివరికి నియమాలు పెట్టుకున్నాను: ‘త’కు ఒంటి ‘టీ’, దీర్ఘానికి అదే అక్షరం రెండుసార్లు, మాటల మధ్య ఖాళీ. వారం తిరక్కుండా వేళ్లకు అలవాటైపోయింది.

దీనికీ హద్దులున్నాయి. ఒకసారి కొట్టాక బ్రౌజర్ మూసేదాకా సైట్లలో పాస్‌వర్డులు వాటంతటవే నిండుతుంటాయి, కాబట్టి పనయ్యాక మూసేయాలి. దొంగ సాఫ్ట్‌వేర్ ముందే చొరబడి మీటలు గమనిస్తుంటే దీనితో లాభం లేదు. షూ మాట అక్కడ నిజం. మరిచిపోతే మాత్రం గుర్తుచేసే దిక్కు లేదు. రీసెట్ చేసుకోవచ్చు గానీ, దాచుకున్న పాస్‌వర్డులన్నీ చెరిగిపోతాయి.

అందుకే కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, పొలం కాగితాల మధ్య దాచాను. కవరు మా ఆవిడకు చూపిస్తే తెరిచి చదివింది. “పొంతన లేని ఆరు మాటలు తెలుగులో రాసి పెడితే, అవసరమొచ్చిన రోజు నేను ఎన్ని ‘ఓ’లు కొట్టాలండీ?” అంది. కాగితం వెనక్కి తిప్పి ఆ నియమాలన్నీ దగ్గరుండి రాయించింది.