డ్రమ్సు యంత్రములు – తప్పులలోని క్రమము

మా కళాశాల విద్యార్థి యొకడు ఇంటివద్దనే ఒక పాట రికార్డు చేసి నాకు వినిపించెను. గొంతు బాగున్నది, గిటారు బాగున్నది. డ్రమ్సు మాత్రము గోడకు మేకులు కొట్టుచున్నట్లుండెను. వాయించువారు దొరకక కంప్యూటరుచేత వాయింపించితిననెను. కొలిచి చూచితిమి, ఒక్క దెబ్బయైనను కాలము తప్పలేదు. తప్పు లేకపోవుటయే లోపమని అతడు నిశ్చయించి, సాఫ్ట్‌వేరులోని ‘మానవీకరణ’ మీట నొక్కి మరల వినిపించెను. ఈ మారు కొత్తగా నేర్చుకొనుచున్న బాలుడు వాయించినట్లుండెను.

ఇట్టి మీట ఇప్పుడు పెక్కు రికార్డింగు సాఫ్ట్‌వేరులలో కలదు. దాని వెనుక ఒక సిద్ధాంతమున్నది: యంత్రము తప్పు చేయదు, మనిషి చేయును, కావున తప్పులు చల్లినచో యంత్రము మనిషివలె వాయించును. ఈ సిద్ధాంతము శాస్త్రపరీక్షకు నిలుచునా యని చూతము.

డ్రమ్సు యంత్రము కొత్తది కాదు. 1959లో అమెరికాలో వర్లిట్జర్ సంస్థ ‘సైడ్‌మాన్’ను విక్రయమునకు తెచ్చెను. తిరుగు చక్రముపై విద్యుత్ స్పర్శలు లయను నిర్ణయించగా, వాల్వులు ధ్వనిని పుట్టించెడివి. 1980లో రెండు మార్గములు ఏర్పడినవి. రోలండ్ వారి టి.ఆర్.-808 ధ్వనులను విద్యుద్వలయములతోనే పుట్టించెను. రోజర్ లిన్ నిర్మించిన ఎల్.ఎం.-1 నిజమైన డ్రమ్ముల ధ్వనులను అంకెల రూపమున దాచి వినిపించెను. జ్ఞాపకశక్తి ఖరీదైన కాలము కనుక, దీర్ఘముగా మ్రోగు పెద్ద తాళముల ధ్వనులను అందులో చేర్చలేదు. మొదటి దానిని నకలుగా చూచినచో ఓడినదే. అయినను అది తన సొంత గొంతుతో ఒక కొత్త వాద్యమై నిలిచినది. ఇంటి రికార్డింగులలో నేడు ఎక్కువగా కనబడునది రెండవ మార్గమే. మన విమర్శయు దానిని గురించియే.

మొదట ధ్వనిని విచారింతము. బిగించిన గుండ్రని పొర తీగవలె కంపింపదు. దాని ప్రాథమిక పౌనఃపున్యము 1 అయినచో, తరువాతివి సుమారు 1.59, 2.14, 2.30 చొప్పున వచ్చును. సరిగా నడుమ కొట్టినప్పుడు 1, 2.30 వంటి కొన్ని కంపనములే మేలుకొనును; అంచువైపు జరిగినకొలది తక్కినవియు కలియును. గట్టిగా కొట్టినప్పుడు పైకంపనముల పాలు హెచ్చును. పొర బిగువు క్షణకాలము పెరిగి స్థాయి కూడ కొంచెము లేచును. అనగా గట్టి దెబ్బ మెల్లని దెబ్బకు పెద్ద రూపము కాదు, వేరు ధ్వని. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో దెబ్బ బలమును 1 నుండి 127 వరకు సూచింపవచ్చును. కాని దాచిన ధ్వని ఒక్కటే అయి, దానినే పెంచి తగ్గించినచో, 127 మెట్లున్నను ప్రయోజనము స్వల్పము. వరుస దెబ్బలలో అదే ధ్వని అచ్చుగ్రుద్దినట్లు వచ్చి మరతుపాకి స్ఫురించును. ఒక్కొక్క బలమునకు పలు రికార్డులు చేసి వంతులవారీగా వినిపించుట దీనికి విరుగుడు. ఇది సరియైన భౌతికశాస్త్రముపై నిలిచిన ఉపాయము, మెచ్చదగినది.

మన మృదంగమునకు ఇది చాలదు. నల్లని కరణి పూయుటచే దాని అతిస్వరములు హరాత్మకములగునని సి.వి. రామన్, శివకాళీ కుమార్ 1920లో చూపిరి. అది శ్రుతి గల వాద్యము. దాని నకలులో ధ్వనితోపాటు శ్రుతియు కుదరవలెను.

ఇక కాలమును గురించి. మా విద్యార్థి ప్రతి దెబ్బను 30 మిల్లీసెకండ్లవరకు ముందుకో వెనుకకో జరుపునట్లు మీటను అమర్చెను. అతని పాట నిమిషమునకు 100 మాత్రలది. మాత్రలో నాలుగవ వంతు 150 మిల్లీసెకండ్లు. ఆ కాలములో ఐదవ వంతు తప్పిన చేతిని ఎవరు మెచ్చుకొందురు? అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. మీట చల్లిన తప్పులు పాచికలు వేసినట్టివి; ఒకదానితో మరొకదానికి సంబంధము లేదు. 2011లో హోల్గర్ హెన్నిగ్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనలో, మనుష్యుల విచలనములకు దీర్ఘకాల సహసంబంధము కలదని తేలినది. కొంచెము ముందుకు జరిగిన చేయి కొంతసేపు ఆ వైపే యుండి మెల్లగా మరలును. ఈ దెబ్బలోని జాడ ఎంతో దూరపు దెబ్బలో కనబడును. శ్రోతలు కూడ పాచికల విచలనముకంటె ఇట్టి విచలనమునే ఇష్టపడిరి. 2015లో, జెఫ్ పొర్కారో వాయించిన ఒక ప్రసిద్ధ రికార్డులోని హై-హ్యాట్ దెబ్బలయందు, కాలములోను బలములోను ఇట్టి సంబంధమే కనబడినది. కనుక మీట చేయు పని మనిషిని అనుకరించుట కాదు.

అయితే సంబంధము గల తప్పులు చేర్చిన చాలునా? అదియు తొందరపాటే. 2013లో ప్రకటితమైన మరొక ప్రయోగములో, చిన్న లయఖండములను వినిన శ్రోతలు, విచలనము పెరిగినకొలది ఆడించు గుణము తగ్గినదనిరి. రెండు ప్రయోగములు కొలిచినది ఒకే విషయము కాదు: మొదటిదానిలో ముఖ్యముగా పోల్చినవి రెండు విధములైన విచలనములు; రెండవది విచలనము ఎంత యను ప్రశ్న. కాని రెండును కలిసి ఒక మాట చెప్పుచున్నవి: తప్పు తనంతట తాను అందము కాదు.

మరి మా విద్యార్థి పాటలో లోపమేమి? వరుసను కాగితముపై వ్రాసి చూచితిమి. ఒకచోట హై-హ్యాట్, స్నేర్, రెండు పెద్ద తాళములు ఒకే క్షణమున మ్రోగుచున్నవి. అట్లు వాయించుటకు నాలుగు చేతులు కావలెను! చేయి పెద్ద తాళముమీదికి పోయినప్పుడు హై-హ్యాట్ దెబ్బ మానవలెను. తెరచిన హై-హ్యాట్‌ను మూయగానే దాని మ్రోత ఆగవలెను. స్నేర్ ప్రధాన దెబ్బల నడుమ వినీ వినబడని చిరుదెబ్బలుండవలెను. ఇవి సవరించి, మీటను ఆపివేసి వింటిమి. కాలము ఒక్క మిల్లీసెకండైనను కదల్చలేదు; అయినను వాద్యము వెనుక ఒక మనిషి కూర్చున్నట్లు తోచెను. తరువాత హై-హ్యాట్‌ను మాత్రము చేతితో మీటలపై స్వయముగా వాయించి చేర్చెను. అతని విచలనములు అతనివే. వానిని పాచికలతో పుట్టింపనక్కరలేదు.

నా తీర్పు ఇది. ధ్వనులను దాచు కళలో ఈ సాధనములు ఎంతో ముందునకు వచ్చినవి. ‘మానవీకరణ’ మీటకు మాత్రము ఆ పేరు తగదు. మనిషిని అతని తప్పులతో నిర్వచించుటయే దాని మూలదోషము. రెండు చేతులు, రెండు కాళ్లు, అలసట, అభ్యాసము, తోటివారిని వినుట – వీటినుండి పుట్టిన క్రమమే వాద్యము; దానిలో మిగిలిన కొద్ది విచలనమును తీసి దానినే సారమనుట, చెరుకు పిప్పిని తీపి యనుట వంటిది. వాద్యగాడు దొరకనప్పుడు యంత్రము వాడుకొనుటలో తప్పు లేదు. కాని అంతకు ముందు ఒక గంటసేపు వాద్యగాని చేతులను, కాళ్లను పరిశీలించి రావలెను. మా విద్యార్థి ఇప్పుడు ఆ పనిమీదనే యున్నాడు.